నెహెమ్యా తవ్వని గొయ్యి

నరసరావుపేటలో ఉత్త నెహెమ్యా అంటే పక్కవీధి వాళ్ళక్కూడా తెలియదు. మిలిటరీ నెహెమ్యా అంటే మాత్రం ఆటోవాళ్ళు అడ్రసు అడక్కుండా తీసుకొచ్చి ఇంటి ముందు దించుతారు. పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి హవల్దారుగా దిగిపోయాడు. ఇప్పుడు ఊరి చివర ఒక ఇంజినీరింగు కాలేజీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు. పొద్దున ఐదున్నరకల్లా కాలేజీ గ్రౌండులో నిలబడి, ఆర్మీకో పోలీసుకో వెళ్ళాలనుకునే పిల్లల చేత పరుగులు తీయిస్తాడు.

"మంచులో కూరుకుపోయిన మనిషిని తవ్వి ప్రాణాలతో బయటికి తీసిన సారు ఈయనే" అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెబుతుంటారు. ఆ మాట అబద్ధం కాదు. పధ్నాలుగు నిమిషాల్లో తీశాడు. అందుకు పైవాళ్ళు ప్రశంసాపత్రం ఇచ్చారు. నెహెమ్యా తండ్రి ఇశ్రాయేలు దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించాడు. అన్నం తినేటప్పుడు ఆ గోడకి వీపు పెట్టి కూర్చోవడం నెహెమ్యాకి అలవాటైపోయింది. ఎవరైనా పొగిడితే తల పక్కకి తిప్పుకుంటాడు. జనం దాన్ని వినయం అనుకుంటారు.

ఎడ్లపాడు దగ్గర మిరపచేలల్లో కూలిపని చేసే ఇంట్లో పుట్టినవాడు నెహెమ్యా. గుంటూరు రిక్రూట్‌మెంటు ర్యాలీలో పరుగు గెలిచి పంతొమ్మిదేళ్ళకి సైన్యంలో చేరాడు. ఇరవై రెండో ఏట మొదటిసారి మంచు చూశాడు. కాశ్మీరు కొండల్లో స్కీలు కట్టుకుని తిరగడం నేర్పే కోర్సుకి పంపితే, ఇంత పొడుగు బద్దలు రెండు కాళ్ళకి బిగించుకుని మనిషన్నవాడు ఎట్లా నడుస్తాడా అని నోరు తెరుచుకుని చూశాడట. ఆ కోర్సులో అతనికి ఒక విద్య బాగా పట్టుబడింది. ఒక విద్య అసలు పట్టుబడలేదు.

పట్టుబడింది మంచుని చదవడం. కొండవాలున ఎప్పుడు నడవచ్చో ఎప్పుడు నడవకూడదో చెప్పడానికి పారతో నడుము లోతు గొయ్యి తవ్వుతారు. గొయ్యి గోడలో మంచు పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఒక్కో పొరనీ వేలితో నొక్కి చూడాలి. పక్కన స్తంభంలాగా కోసి, పైన పార పెట్టి చేత్తో తట్టాలి. ఎన్ని దెబ్బలకి ఏ పొర జారిందో చూస్తే వాలు సంగతి తెలిసిపోతుంది. కొండల్లో పుట్టి పెరిగిన వాళ్ళకంటే నెహెమ్యా ఈ పని నమ్మకంగా చేసేవాడు. తర్వాత పనిచేసిన సరిహద్దు పోస్టులో ఏ దళం బయల్దేరినా గొయ్యి తవ్వే పని అతనికే అప్పజెప్పేవారు.

పట్టుబడనిది గట్టి మంచు మీద జారడం. ఏప్రిల్ నెలలో ఆ కొండల మీద మంచు రోజుకి మూడు రూపాలు మారుతుంది. రాత్రి గడ్డకట్టి తెల్లారేసరికి గాజుపలకలా ఉంటుంది. తొమ్మిది దాటాక ఎండ తగిలి పైన రెండంగుళాలు కల్లుప్పులాగా విరుస్తుంది. అప్పుడు స్కీల మీద జారితే ఎట్టివాడైనా దొరలాగా దిగొచ్చు. పదకొండయ్యేసరికి అదే మంచు నీళ్ళు పట్టి అన్నంలాగా మెత్తబడి, తన బరువు తానే మోయలేక వాలు వాలంతా ఊడి కిందికొస్తుంది. అందుకని ఎండాకాలపు దళాలకి ఒకటే కట్టడి ఉండేది. తెల్లారి గాజుగా ఉన్నప్పుడే వాలు దాటెయ్యాలి.

ఆ గాజు మీద నెహెమ్యా కాళ్ళు నిలిచేవి కావు. గుంటూరు వైపు వాడని దళంలో అతన్ని 'మిర్చి' అని పిలిచేవారు. ఒకసారి అందరి ముందూ రెండొందల అడుగులు వెల్లకిలా జారి, టోపీ ఒక దిక్కు, బద్ద ఒక దిక్కు అయ్యాక 'దొర్లుడు మిర్చి' అన్నారు. ఆ పేరు వినబడితే చాలు, అతని చెవులు కాలిపోయేవి.

ఆ పోస్టులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే. రెండోవాడు గురజాల నుంచి వచ్చిన గులాం మొహిద్దీన్. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు. ఇంటినుంచి వచ్చిన పచ్చడి ఒకే డబ్బాలో తినేవారు.

తొమ్మిదేళ్ళ కింద, ఒక ఏప్రిల్ ఉదయం, ఆరుగురి దళం పై పోస్టు నుంచి తిరిగి వస్తోంది. మధ్యలో తూర్పు ముఖంగా ఒక పెద్ద వాలు. దాటితే గంటలో క్యాంపు. ఏడింటికి వాలు అంచుకి చేరారు. దళాన్ని నడిపిస్తున్న సుబేదారు సాబ్ నెహెమ్యాని పిలిచి, గొయ్యి తవ్వి చూసి చెప్పమన్నాడు.

నెహెమ్యా ఒక పెద్ద బండరాయి వెనక్కి వెళ్ళాడు. అక్కణ్ణుంచి వాలు మొత్తం కనిపించింది. నున్నగా, నీలంగా, కింద లోయలోని నాలా దాకా ఎక్కడా ఆగే చోటు లేకుండా మెరుస్తోంది. తాను పడటం, వెనక నుంచి నవ్వులు, క్యాంపులో అన్నాల దగ్గర మళ్ళీ ఆ పేరు. అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. పార సంచికి కట్టినట్టే ఉంచి, అరగంట అక్కడే చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. లేచి వచ్చి చెప్పాడు. గొయ్యి తవ్వి చూశాననీ, లోపల గట్టిగానే ఉందనీ, పైపొర మాత్రం మరీ గాజుగా ఉంది కాబట్టి రెండు గంటలు ఆగి దిగితే మంచిదనీ, పదకొండు దాకా భయం లేదనీ. అతని మాట మీద అప్పటిదాకా ఎవరూ అనుమానపడింది లేదు. సుబేదారు సరేనన్నాడు. దళం సంచులు దించి టీ కాచుకుంది.

అంతకుముందు రాత్రంతా మబ్బు పట్టి ఉంది. మబ్బున్న రాత్రి మంచు సరిగా గడ్డకట్టదు. పైన రెండంగుళాలు మాత్రమే గాజు. దాని కింద నిన్నటి తడి అట్టాగే ఉంది. పార ఒక్క పోటు పొడిచి ఉంటే తెలిసిపోయేది. అప్పుడే దాటమని చెప్పేవాడో, చుట్టూ తిరిగి గట్టు మీదుగా పోదామని చెప్పేవాడో. ఆ రాత్రి మబ్బు సంగతి నెహెమ్యాకి తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు.

తొమ్మిదిన్నరకి బయల్దేరదామనుకుంటే పొగమంచు దిగి దారి కనబడలేదు. అది విడేసరికి పదిన్నర. అప్పటికి పైనున్న రాళ్ళ దగ్గర్నుంచి చిన్నచిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లి వస్తున్నాయి. వాలు మెత్తబడిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. నెహెమ్యా వాటిని చూశాడు. నోరు తెరిస్తే, మరి గొయ్యిలో ఏం చూశావని అడుగుతారు. నోరు మూసుకున్నాడు.

ఒక్కొక్కరుగా దిగాలి. మొదట నెహెమ్యా దిగాడు. ఉప్పులాగా విరిసిన మంచులో స్కీలు వెన్నలో కత్తిలాగా తిరిగాయి. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. ఒక్కసారి తడబడలేదు. పైనుంచి ఎవరో ఈల వేశారు. పదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ దిగలేదు. అవతలి గట్టు చేరి, చేతిలో కర్ర పైకెత్తి ఊపాడు. ఆ క్షణాన తనంత సంతోషంగా ఉన్నవాడు లోకంలో లేడనిపించింది.

రెండోవాడు మొహిద్దీన్. వాలు సగానికి వచ్చాడో లేదో, పైన గుప్పుమని ఒక శబ్దం వినిపించింది. అతనికి పైగా, వాలుకి అడ్డంగా ఒక గీత విచ్చుకుంది. దాని కిందున్నదంతా, మనిషితో సహా, తడి సిమెంటులాగా కదిలి నాలాలోకి పోయింది.

మొహిద్దీన్ ఒంటికి కట్టుకున్న యంత్రం పంపే సంకేతం పట్టుకుని నెహెమ్యా పరిగెత్తాడు. పొడవాటి ఊచ గుచ్చి చోటు పట్టుకున్నాడు. అప్పుడు విప్పాడు పార. తడి మంచు ఆగితే రాయిలాగా బిగుసుకుంటుంది. అరచేతుల తోలు ఊడిపోతున్నా ఆపకుండా తవ్వాడు. మొహిద్దీన్ ముఖం నీలంగా బయటపడింది. నోట్లో మంచు తీసి ఊపిరి ఊదితే దగ్గాడు. ఎడమకాలు మాత్రం, స్కీ ఊడకుండా మెలి తిరగడంతో, మోకాలి కింద రెండు ముక్కలై, ఎముక బయటికొచ్చింది. వాతావరణం బాగోలేక హెలికాప్టరు మర్నాటికి గానీ రాలేదు. కాలు తీసేశారు.

విచారణలో గొయ్యి తవ్వావా అని అడిగారు. తవ్వానన్నాడు. తవ్వినచోటు కూడా కొట్టుకుపోయిందన్నాడు. రాసుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో నెహెమ్యా గురజాల వెళ్ళలేదు. నరసరావుపేటనుంచి పిడుగురాళ్ళ మీదుగా బస్సెక్కితే పూట పట్టదు. రంజానుకి ఫోనులో ముబారక్ పంపేవాడు. మొహిద్దీన్ క్రిస్మసుకి పంపేవాడు. మొహిద్దీన్ గురజాలలో బోరు మోటార్లకి వైండింగు చేసే షాపు పెట్టుకున్నాడని, కూర్చుని చేసే పని గనుక బానే నడుస్తోందని, ఎవరో చెబితే విన్నాడు.

కానీ సైన్యం నుంచి వచ్చేశాక ప్రతి ఈస్టరుకీ చర్చిలో సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. పాస్టరుగారు మైకు ఇచ్చేవారు. మంచు కింద ఉన్న తోటివాణ్ణి దేవుడు తన చేతులతో ఎట్లా బయటికి తీయించాడో నెహెమ్యా చెప్పేవాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. మొదటి ఏడు నిజంగానే ఏడుపొచ్చి మధ్యలో ఆగాడు. మూడో ఏడు ఎక్కడ ఆగితే బాగుంటుందో అతనికే తెలిసిపోయింది. ఆ సంగతి గ్రహించిన రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా స్నానాల గదిలోంచి బయటికి రాలేదు.

ఈ ఏడు ఈస్టరుకి అతని కూతురు ప్రిస్కిల్లా, ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్ల, నాన్న ఫోనులోంచి మొహిద్దీన్ నంబరు తీసుకుంది. చిన్నప్పట్నుంచి ఆ కథ వింటూ పెరిగింది. బడిలో 'నాకు నచ్చిన వీరుడు' అని వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకుంది. నాన్నకి చెప్పకుండా మొహిద్దీన్‌ని పండక్కి రమ్మని పిలిచింది.

నెహెమ్యా మైకు అందుకుని తల ఎత్తేసరికి వెనక వరసలో, గోడ పక్కన, పెట్టుడు కాలు బారజాపుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. జుట్టు సగం నెరిసింది. అయినా ఎవరో పోల్చుకోవడానికి రెండో చూపు అక్కర్లేకపోయింది. ప్రిస్కిల్లా ముందు వరసలోంచి నవ్వుతూ నాన్న ముఖం వంక చూస్తోంది.

"దేవుడు... కాపాడాడు" అన్నాడు నెహెమ్యా. అంతే. మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. సంతోషంతో మాట రాలేదనుకుని సంఘమంతా హల్లెలూయా అన్నది.

ఆరాధన అయ్యాక షామియానా కింద టిఫిను పెడుతున్నారు. మొహిద్దీన్ ప్లేటు పట్టుకుని ఒక కుర్చీలో కూర్చున్నాడు. నెహెమ్యా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఎప్పుడో కౌగిలించుకోవాల్సిన మనుషులు ఒకరి చెప్పులు ఒకరు చూస్తూ ఉండిపోయారు.

"కూకో బావా" అన్నాడు మొహిద్దీన్. "ఇడ్లీ బాగుంది."

నెహెమ్యా కూర్చున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "బావా, ఆ రోజు నేను గొయ్యి తవ్వలా."

"తెలుసు."

"ఏంది?"

"తెలుసన్నా. రాతి ఎనక నుంచి నువ్వు వచ్చినప్పుడు నీ సంచికి పార కట్టింది కట్టినట్టే ఉంది. బకిలు మీద రాత్రి పేరుకున్న మంచు కూడా రాల్లా. నేను చూశా."

నెహెమ్యా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మరి అప్పుడే చెప్పలేదేంది? విచారణలో అన్నా చెప్పకపోతివి."

మొహిద్దీన్ ప్లేటు కింద పెట్టాడు. "నాకు మాత్రం ఆ గాజు మీద దిగటం సరదానా? నా కాళ్ళు కూడా వణుకుతానే ఉన్నయ్. నువ్వు అబద్ధం చెప్తన్నావని తెలిసి, అమ్మయ్య, రెండు గంటలు ఆగొచ్చు అనుకున్నా. ఇంక నిన్నేమని అడుగుతా?" పెట్టుడు కాలు సర్దుకుని మళ్ళీ అన్నాడు. "కాలు పోయిందని నీ మీద కోపం లేదు. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళల్లో ఒక్కసారి గురజాల రాలా నువ్వు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు తలుపు తీసినప్పుడల్లా నువ్వేమోనని చూసేవాణ్ణి."

"ఏ మొగం పెట్టుకుని వస్తా బావా?"

"ఆ మొగమే పెట్టుకుని ప్రతి పండక్కీ ఇక్కడ కథ చెప్తన్నావంట గదా. మీ అమ్మాయి చానా గొప్పగా చెప్పింది ఫోన్లో." మొహిద్దీన్ గొంతు మొదటిసారి గట్టిగా వినిపించింది. "చెప్తే ఉన్నది చెప్పు. లేకపోతే నా పేరు ఎత్తటం మానెయ్."

లేచి, కర్ర ఆనించుకుని, బస్టాండుకి ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయాడు. అన్నానికి ఉండమని ప్రిస్కిల్లా ఎంత బతిమాలినా ఆగలేదు. "ఏమైంది నాన్నా, మావయ్యని ఏమన్నా అన్నావా?" అని అడిగింది. నెహెమ్యా ఖాళీ ప్లేట్లు ఏరడం మొదలుపెట్టాడు.

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం నెహెమ్యా తనంతట తానే పాస్టరుగారిని మైకు అడిగాడు. అందరికీ అర్థమయ్యేటట్టు, ఎక్కడా ఆగకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు. రాయి వెనక కూర్చున్న అరగంట, చెప్పిన అబద్ధం, దొర్లిన మంచు ఉండలు, విచారణలో రాయించిన మాట. పడిపోతే నవ్వుతారన్న భయంతో ఒక మనిషి కాలు పోగొట్టానన్నాడు. వాలు దిగుతున్నప్పటి సంతోషం సంగతి మాత్రం చెప్పలేకపోయాడు.

తర్వాత సంఘపెద్ద ఒకాయన లేచి, ఇంత తగ్గింపు మనసు ఎందరికుంటుందని కళ్ళు తుడుచుకున్నాడు. బయట పదిమంది వచ్చి చేతులు పట్టుకున్నారు. "అంత తప్పేం చేశావులే అయ్యా, కాపాడింది కూడా నువ్వే గదా" అన్నది ఒక ముసలామె. కింద పడదామని గెంతినవాణ్ణి నలుగురూ పట్టుకుని మళ్ళీ అరుగెక్కించినట్టయింది నెహెమ్యాకి. సిగ్గుతో అతని మెడ వంగిపోయింది.

ఒక్క ప్రిస్కిల్లా మాత్రం దగ్గరికి రాలేదు. ఇంటికి ముందే వెళ్ళిపోయి, గోడమీది ప్రశంసాపత్రం తీసి బీరువా వెనక పెట్టింది. ఇశ్రాయేలు ఏందమ్మా అది అని అడిగితే, "నాన్ననడుగు తాతయ్యా" అన్నది. వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పళ్ళెం తీసేది. ఎనిమిదో రోజు పొద్దున వచ్చి, "గురజాల ఎప్పుడు పోతన్నావ్?" అని అడిగింది.

"ఇయ్యాల పోతా."

"నేనూ వస్తా. పిలిచింది నేనే గదా."

షాపు వెనకే మొహిద్దీన్ ఇల్లు. రాగి తీగ చుట్టల మధ్య కూర్చున్నవాడు వీళ్ళని చూసి, ఆశ్చర్యపోకుండా, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. అతని భార్య షంషాద్ గుమ్మంలోకి వచ్చింది. నెహెమ్యా ఎవరో తెలియగానే ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. "ఇన్నేళ్ళకి దయ కలిగిందా అన్నా!" అంటూ కుర్చీలు తుడిచింది.

ఆమెకి తెలియదని నెహెమ్యాకి అప్పుడర్థమైంది. మొహిద్దీన్ వైపు చూశాడు. మొహిద్దీన్ తల దించుకుని తీగ చుడుతున్నాడు.

నెహెమ్యా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. చర్చిలో చెప్పినంత బాగా కాదు. మాటలు అటూ ఇటూ అయ్యాయి. చర్చిలో వదిలేసింది కూడా ఇక్కడ బయటపడింది. "దిగేటప్పుడు చానా సంతోషంగా ఉన్నానమ్మా. చెయ్యి కూడా ఊపా" అన్నాడు. ప్రిస్కిల్లా తండ్రి వంక చూసి చూపు తిప్పుకుంది.

షంషాద్ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

"తొమ్మిదేళ్ళు అన్నా. ఒక్కరోజు మానకుండా నీ పేరు చెప్పి దువా చేశా. నా పిల్లలక్కూడా నేర్పించా." భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

మొహిద్దీన్ తల ఊపాడు.

"తెలిసే నా చేత చేయించావా?"

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు గట్టిగా వినిపించింది. కాసేపటికి టీ తెచ్చి, ప్రిస్కిల్లా చేతికిచ్చింది. మిగతా రెండు గ్లాసులూ బల్లమీద పెట్టింది.

"ఈయన నిన్ను క్షమించి వదిలేశాడేమో అన్నా. నేను ఇంకా వదల్లా. ఇయ్యాల తెలిసింది నాకు. నాకు టయిం పట్టుద్ది" అన్నది. కోపంగా అనలేదు. వచ్చే బస్సు ఆలస్యమని చెప్పినట్టుగా అన్నది.

"మళ్ళీ రావచ్చా అమ్మా?" అన్నాడు నెహెమ్యా.

"వస్తే తలుపు వెయ్యను. మాట్లాడతానో లేదో చెప్పలేను."

ఆ తర్వాత నెహెమ్యా పాత యూనిట్‌కి ఒక ఉత్తరం రాశాడు, విచారణలో తాను రాయించిన మాట తప్పని. ఇంతవరకూ జవాబు రాలేదు. గ్రౌండులో పిల్లలు విషయం తెలుసుకున్నారు. ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్ళు ఇప్పటికీ సార్ అంటారు గానీ మంచు కథ అడగరు. నెలకోసారి, రెండో శనివారం, గురజాల బస్సెక్కుతాడు. మోటార్లు దించడంలో మొహిద్దీన్‌కి సాయం పడతాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. షంషాద్ టీ పంపిస్తుంది. మొన్న నాలుగోసారి వెళ్ళినప్పుడు తనే తెచ్చి బల్లమీద పెట్టి, పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాడు.